స్నానాల గదిలో హెల్మెట్

సింగవలస పురపాలక సంఘానికి ఉన్నట్టుండి గోడల మీద ప్రేమ పుట్టింది. కమిషనర్ విశ్వంభరంగారు ఏదో సదస్సుకని పెద్ద నగరం వెళ్ళి, అక్కడ ప్రహరీల మీద నెమళ్ళనీ సూక్తులనీ చూసి, కారు ఆపించి, కళ్ళజోడు తుడుచుకుని మరీ ఇంకోసారి చూశారట. ఆయన తిరిగొచ్చిన వారానికే 'పలికే గోడలు' అనే పథకం వెలిసింది. పట్టణ పరిధిలో కొత్తగా కట్టిన గోడ గానీ, కొత్తగా పూత పూసిన గోడ గానీ ప్రజాహితమైన సందేశం ఒకటి ధరించి తీరాలి. అక్షరాలు ఎర్రగా, పెద్దగా ఉండాలి. సందేశం ప్రజలకు స్పష్టంగా కనిపించాలి. సందేశం లేని గోడను మూగగోడగా పరిగణించి, ఇంటివారిపై తగు చర్య తీసుకుంటారు.

కౌన్సిల్ ఈ తీర్మానాన్ని చప్పట్లతో ఆమోదించింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎవరింట్లోనూ అప్పటికి మేస్త్రి పని జరగడం లేదు.

భానోజీరావు ఇంట్లో జరుగుతోంది.

భానోజీరావు ఆర్టీసీ డిపోలో టైమ్‌కీపరు. బస్సు ఆలస్యమైతే డ్రైవర్ని అడగడానికి కూడా మొహమాటపడతాడు. ఆఫీసరు అన్న మాట చెవిన పడితే చొక్కా పైబొత్తాం పెట్టుకుంటాడు. అతనింట్లో స్నానాల గది వాళ్ళ నాన్న కట్టించింది. గోడలు చెమ్మ పీల్చి ఉబ్బిపోయాయి, నేల పాచి పట్టింది. వానాకాలంలో ఆ పాచి మీదే అతని తల్లి సూరమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక వాకరు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది గానీ, "జారని నేలా, గోడకి పట్టుకునే కడ్డీలూ అమర్చేదాకా ఆవిణ్ణి బాత్రూమ్‌లోకి పంపొద్దు" అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అప్పట్నుంచీ పెరటి వరండాలో అడ్డంగా చీర కట్టి, కోడలు ఇందుమతి తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తోంది. సూరమ్మకి అది స్నానం కిందికి రాదు. నెత్తిమీంచి చెంబుడు వేణ్ణీళ్ళు దిగకపోతే ఆవిడ దృష్టిలో ఆ రోజు తెల్లారనట్టే. స్నానం లేని మనిషిననుకుని వంటింటి గడప తొక్కడం మానేసింది. దేవుడి గూటికి దూరం నుంచే దణ్ణం పెడుతోంది.

"ఇంకెన్నాళ్ళురా నాయినా ఈ తుడుపు? నానేటి, కిటికీ అద్దాన్నా?" అని కొడుకుని అడిగేది.

భానోజీరావు గురువులు మేస్త్రిని పిలిచాడు. గురువులు పాత పూతంతా గోకి, తడి పీల్చని సిమెంటు పూసి, కింద జారని బండలు పరిచి, గోడలకి నేల నుంచి కప్పు దాకా లేతనీలం పలకలు అతికించాడు. కడ్డీలకి రంధ్రాలు వేశాడు. పలకల సందుల్లో తెల్లసిమెంటు నింపేస్తే పని అయిపోయినట్టే. సరిగ్గా ఆ పొద్దున వాకిట్లో ఇసక కుప్ప చూసి త్రినాథరావుగారు మోపెడ్ ఆపారు.

త్రినాథరావుగారు పలికే గోడల పథకానికి వార్డు పర్యవేక్షకులు. లంచం ముట్టరు. ఎవరింట్లోనూ కాఫీ కూడా తాగరు. అందుకే ఆయనంటే ఊరంతా భయం. డబ్బు తీసుకునేవాడైతే ఎక్కడో ఒకచోట ఆగుతాడు, ఈయన ఉత్తర్వు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోతారు.

"ఇచ్చట నిర్మాణ కార్యకలాపము జరుగుచున్నట్లు గమనించడమైనది," అన్నారు లోపలికొస్తూ.

భానోజీరావు పైబొత్తాం పెట్టుకున్నాడు. "బాత్రూమండి. అమ్మకి కాలు బాగోలేదని..."

"గోడలు ఎన్ని?"

"నాలుగండి. అందరి బాత్రూములకీ అంతే కదేటండి?"

"సందేశములు?"

భానోజీరావుకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మకం కలగలేదు. "బాత్రూమ్ గోడలండి ఇవి," అన్నాడు మళ్ళీ, మొదటిసారి ఆయనకి సరిగ్గా వినబడలేదేమోనని.

"ఉత్తర్వులో గోడ అని కలదు. ఏ గది గోడ అని లేదు. లేనిదానిని నేను చదవజాలను." త్రినాథరావుగారు సంచీలోంచి కాగితం తీశారు. "మీ వార్డుకు మిగిలియున్న సందేశములు నాలుగే. మీ అదృష్టము, మీ గోడలూ నాలుగే."

తూర్పు గోడకి 'హెల్మెట్ ధరించండి, ప్రాణాలు కాపాడుకోండి' అన్నది వచ్చింది. పడమటి గోడకి 'ఓటు వేయడానికి కుటుంబ సమేతంగా తరలి రండి'. ఉత్తరపు గోడకి 'ఎల్లప్పుడూ ఎడమ పక్కనే నడవండి'. కుళాయి ఉన్న దక్షిణపు గోడకి 'అపరిచితులకు మీ వివరాలు వెల్లడించకండి'.

"నీళ్ళు పొదుపు చెయ్యండని ఒకటుంటాది కదండి," అన్నాడు భానోజీరావు భయపడుతూనే. "అదిస్తే కాస్త బాగుంటాదేమోనని..."

"అది అగ్నిమాపక కేంద్రమునకు కేటాయించబడినది."

ఇంకో చిక్కు ఉంది. నున్నటి పలక మీద ప్రభుత్వం వారి ఎర్రరంగు నిలవదు. కాబట్టి పలకలు పీకాలి. గురువులు ఉలి పట్టుకుని చాలాసేపు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. "అతికించమంటే అతికించినాను. ఇప్పుడు పీకమంటన్నారు. కూలికేటి బాబుగారూ, రెండుపూటలా ఒకటే. నా చెయ్యి ఒప్పట్లేదు," అని, తర్వాత ఒక్కొక్క పలకనీ విరక్కుండా ఊడదీసి పెరట్లో పేర్చాడు. ఆ మర్నాడు పెయింటరు వచ్చి మూరెడేసి అక్షరాలు రాసి వెళ్ళాడు. పని బాగానే కుదిరింది. హెల్మెట్ బొమ్మ కూడా వేశాడు.

"అయిపోనాదా?" అని అడిగింది సూరమ్మ వరండాలోంచి. "నీళ్ళు కాయమంటావా?"

"రంగు ఆరనీయమ్మా," అన్నాడు భానోజీరావు.

రంగు ఆరింది. త్రినాథరావుగారు దృశ్యతా తనిఖీకి వచ్చారు. రోడ్డు మీద నిలబడి ఇంటికేసి చూశారు. తర్వాత ఎదురింటి మేడ ఎక్కి చూశారు. కిందికి దిగి, విచారంగా తల ఊపారు.

"కనిపించుట లేదు."

"బాత్రూమ్ కదండి. కనిపించకూడదనే కదండి గోడలు కట్టుకుంటాం?"

"అది మీ ఉద్దేశము. పథకము యొక్క ఉద్దేశము వేరు. సందేశము ప్రజలకు కనిపించవలెను."

వీధివైపు గోడ పడగొట్టేస్తే కనిపిస్తుంది కదా అని ఎదురింటాయన సలహా చెప్పాడు. త్రినాథరావుగారు ఉలిక్కిపడ్డారు. గోడతోపాటు గోడ మీది సందేశమూ పోతుందనీ, సందేశాన్ని నాశనం చేయడం అసలు రాయకపోవడం కన్నా తీవ్రమైన ఉల్లంఘన అనీ వివరించారు. చాలాసేపు ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. గోడ ప్రజల దగ్గరికి వెళ్ళలేదు గనక ప్రజలే గోడ దగ్గరికి రావాలి. కార్యాలయ వేళల్లో స్నానాల గదిని ప్రజా సందర్శనకు తెరిచి ఉంచాలి. తలుపు దృశ్యతకు అవరోధం గనక తలుపు తీసేయాలి. సబ్బునీళ్ళ వల్ల అక్షరాలు చెదిరే ప్రమాదం ఉంది గనక లోపల ఎవరూ స్నానం చేయరాదు.

అంతదాకా ఓర్చుకున్న ఇందుమతి వంటింట్లోంచి బయటికొచ్చింది. "మరి మేమెక్కడ చెయ్యాలండి స్నానాలు?"

"ఆ అంశము పథకము పరిధిలోనికి రాదమ్మా," అన్నారు త్రినాథరావుగారు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే రాదు.

భార్యాభర్తలు పక్కవాళ్ళింట్లో స్నానాలు చేయడం మొదలుపెట్టారు. వాకిట్లో 'పలికే గోడలు, ప్రజా సందర్శన, ప్రవేశం ఉచితం' అని బోర్డు వెలిసింది. మొదట్లో ఎవరూ రాలేదు. రాకపోవడం ప్రజాస్పందన లేకపోవడంగా పైకి కనిపిస్తుందని మున్సిపాలిటీ వారు పొదుపు సంఘాల ఆడవాళ్ళని పంపారు. వాళ్ళు బ్యానరు పట్టుకుని వరసగా లోపలికెళ్ళి, నాలుగు గోడలూ చదివి, వరసగా బయటికొచ్చి, వరండాలో సూరమ్మ చుట్టూ చేరి, తుంటి ఎముక విరిగితే ఏం తినాలో చెప్పి వెళ్ళేవారు. ఒక రిటైర్డు తాసిల్దారుగారు రోజూ వాహ్యాళిలో భాగంగా వచ్చేవారు. ఆయన దక్షిణపు గోడ మీది 'అపరిచితులకు మీ వివరాలు వెల్లడించకండి' అన్నది గట్టిగా చదివి, మెచ్చుకుని, బయటికొచ్చి, "ఆపరేషన్ ఎక్కడ చేయించారమ్మా? రాడ్డు వేశారా, ప్లేటా? పింఛను ఏ బ్యాంకులో పడుతుంది?" అని అడిగేవారు. సూరమ్మ అన్నీ చెప్పేది.

పేరు పాకింది. పక్క పురపాలక సంఘం వాళ్ళు బస్సు వేసుకుని అధ్యయన యాత్రకి వచ్చారు. కమిషనర్‌గారు స్వయంగా విచ్చేసి, స్నానాల గది గుమ్మంలో నిలబడి ఉపన్యసించారు. "నిన్నటిదాకా ఈ గది ఒక కుటుంబపు శరీర మాలిన్యాన్ని మాత్రమే కడిగింది. నేడు సమాజపు మాలిన్యాన్ని కడుగుతోంది!" చప్పట్లు మోగాయి. భానోజీరావుకి 'ఆదర్శ గృహస్థు' అని శాలువా కప్పారు. ఆ రోజు డిపోలో పని ఒత్తిడి వల్ల అతనికి పక్కింట్లో వంతు దొరకలేదు. శాలువా కింద ఒళ్ళంతా చిరచిరలాడింది.

ఫొటోలు తీస్తుండగా నవ్వాడు కూడా. అది తలచుకుని తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

ఎందుకంటే ఆ మధ్యాహ్నమే అది జరిగింది. యాత్రకి వచ్చినవాళ్ళలో కొందరు దారి తప్పి పెరట్లోకి వెళ్ళారు. అక్కడ కట్టిన చీర కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని ఒకాయన దాన్ని పైకెత్తాడు. లోపల స్టూలు మీద సూరమ్మ. పక్కన తడిగుడ్డతో ఇందుమతి. ఇందుమతి కేక పెట్టింది, పక్కనున్న చెంబు తీసి విసిరింది. అది ఎవరి భుజానికో తగిలింది. సూరమ్మ మాత్రం అరవలేదు. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, తల గోడవైపు తిప్పుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆ పూట అన్నం తినలేదు. భానోజీరావు పక్కన కూర్చుని, "అమ్మా, ఏటైనా మాటాడవే," అన్నాడు.

"మాటాడ్డానికి నీ గోడలున్నాయి కదరా," అంది సూరమ్మ.

మర్నాడు పొద్దున్నే భానోజీరావు సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాడు. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. కమిషనర్‌గారి గదిలోకి అడుగు పెట్టగానే అవన్నీ మర్చిపోయాడు.

"రావయ్యా ఆదర్శ గృహస్థూ!" అన్నారు విశ్వంభరంగారు ఆప్యాయంగా. ఆయన వెనకాల గోడ పక్కనుంచి గుర్రుమని మిషను మోత వస్తోంది. దాంతోపాటు తెల్లటి దుమ్ము.

"అయ్యా, మా అమ్మ..." అని మొదలుపెట్టాడు భానోజీరావు. చీర సంగతి చెప్పలేకపోయాడు. "పెద్దావిడండి. తానం లేకండా ఉండలేదండి. ఆ నాలుగ్గోడలూ మాకిచ్చేయండి. కావలస్తే వీధి ప్రహరీ అంతా రాసుకోండి."

"ప్రహరీ పాతది. పాతవి పథకంలోకి రావు." కమిషనర్‌గారు కుర్చీలో వెనక్కి వాలారు. "చూడు భానోజీరావ్, స్నానమనేది వ్యక్తిగతం. చైతన్యమనేది సామూహికం. చరిత్రలో ఏ జాతైనా..." మిషను మళ్ళీ గుర్రుమంది. ఆయన మాట ఆపి అది ఆగేదాకా చూశారు. "...ఏ జాతైనా స్నానం వల్ల ముందుకు వెళ్ళిందా?"

భానోజీరావు చూపు మోత వచ్చేవైపు పోయింది. పక్కగది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మేస్త్రి ఒకడు గచ్చకాయ రంగు పలకల్ని కోస్తున్నాడు. గోడలు కప్పు దాకా కొత్తగా నిగనిగలాడుతున్నాయి. అది కమిషనర్‌గారి స్నానాల గది, మరుగుదొడ్డీ అందులోనే.

భానోజీరావు ఎత్తిపొడవాలని అడగలేదు. అతనికి ఎత్తిపొడవడం చేతకాదు. ఒకే కష్టంలో ఉన్న తోటి మనిషిని పరామర్శించినట్టు అడిగాడు. "అయ్యా, మరి తమరికి ఏ సందేశాలు వొచ్చినాయండి?"

గుమ్మం దగ్గర ఏదో సంతకం కోసం వచ్చి నిలబడ్డ త్రినాథరావుగారు తలెత్తారు. పక్కగదిలోకి వెళ్ళారు. గోడల్ని ఒక్కొక్కటిగా వేలితో తట్టి చూశారు. బయటికొచ్చి నిటారుగా నిలబడ్డారు.

"సార్, నాలుగు మూగగోడలు."

కమిషనర్‌గారు నవ్వారు. "త్రినాథరావ్, ఇది ఆఫీసయ్యా."

"ఉత్తర్వులో కార్యాలయములు మినహాయించబడలేదు సార్. సంతకము తమదే."

కమిషనర్‌గారు నవ్వడం మానేశారు. బతిమాలారు, బెదిరించారు, బదిలీ అన్నారు. త్రినాథరావుగారు బదిలీ అయ్యేలోగా విధి నిర్వహిస్తానన్నారు. పైగా పక్క పురపాలక సంఘం వాళ్ళు ఈలోగా ఈ పథకాన్ని మెచ్చుకుంటూ జిల్లా అంతటికీ లేఖలు రాసి ఉన్నారు. దాన్ని రూపొందించినాయనే ఉల్లంఘించాడంటే పేపర్లో పడుతుంది. చివరికి గచ్చకాయ రంగు పలకలు ఊడాయి, తలుపు ఊడింది, పెయింటరు వచ్చాడు. కొత్తగా ముద్రించి వచ్చిన సందేశాల్లోంచి ఆయన వంతుకి 'లంచం అడిగితే నిలదీయండి', 'మీ సమస్యను నిర్భయంగా చెప్పండి' అన్నవీ, ఇంకో రెండూ వచ్చాయి.

ఈ కబురు భర్త నోట విని ఇందుమతి ఆ సాయంత్రమే పొదుపు సంఘాల ఆడవాళ్ళందరి ఇళ్ళకీ తిరిగింది. తర్వాతి సోమవారం కార్యాలయ వేళ మొదలవగానే బ్యానరు పట్టుకుని వాళ్ళంతా కమిషనర్‌గారి గదిలోకి వరసగా వచ్చారు. స్నానాల గది సందర్శించడం వాళ్ళకి అలవాటైన పనే. నిదానంగా చదివారు. చదువు రానివాళ్ళకి వచ్చినవాళ్ళు చదివి వినిపించారు. కొందరు గోడ మీద ఉన్నదాన్ని మనసుకి పట్టించుకుని, బయటికొచ్చి ఆయన బల్ల ముందు నిలబడి తమ వీధి కాలవ సంగతీ, పింఛను సంగతీ నిర్భయంగా చెప్పారు. ఒక బృందం వెళ్ళేసరికి ఇంకో బృందం.

విశ్వంభరంగారు పొద్దున టిఫిను తర్వాత రెండు గ్లాసుల మజ్జిగ తాగి వచ్చారు. కాసేపటికి కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఇంకాసేపటికి లేచి పచార్లు చేశారు. అటెండరు మంచినీళ్ళు తెస్తే వాటికేసి శత్రువుని చూసినట్టు చూశారు. తలుపు లేని ఆ గుమ్మంలో ఒక ముసలమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ ఇంకా మొదటి గోడ దగ్గరే ఉంది. మధ్యాహ్నానికి ఆయన ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగి, కారెక్కి, సైరన్ వేయించుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడే కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమైంది. పథకాన్ని రద్దు చేయాలని ఎవరో అనబోతే అందరూ కసిరారు. రద్దు చేస్తే పొరపాటు జరిగినట్టు ఒప్పుకున్నట్టవుతుంది. పురపాలక సంఘంలో పొరపాట్లు జరగవు, వివరణలు మాత్రమే వెలువడతాయి. ఆ ప్రకారం ఒక వివరణ వెలువడింది: 'స్నానాల గదుల గోడలను సమస్త మునిసిపల్ వ్యవహారముల నిమిత్తము గోడలుగా పరిగణించరాదు.'

చప్పట్లు మోగాయి.

భానోజీరావు గురువులు కోసం పరిగెత్తాడు. గురువులు ఎర్ర అక్షరాల్ని హెల్మెట్‌తో సహా గోకి పారేసి, దాచిన పలకల్ని మళ్ళీ అతికించి, సందులు నింపి, కడ్డీలు బిగించాడు. బిగించిన కడ్డీని తన బరువంతా వేసి ఊగి చూసుకున్నాడు. తలుపు ఎక్కింది, గొళ్ళెం పడింది. సిమెంటు ఆరినరోజు పొద్దున్నే ఇందుమతి గుండిగ నిండా నీళ్ళు కాచింది. సూరమ్మ వాకరు గుమ్మం బయటే వదిలేసి, కడ్డీ పట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికెళ్ళింది. ఇందుమతి ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి బయటికొచ్చింది. "తలుపేసుకుంటాను. ఇంక నువ్వెల్లే," అంది సూరమ్మ లోపల్నుంచి.

మొదటి చెంబు నీళ్ళ చప్పుడు వినబడేసరికి భానోజీరావు కళ్ళు తడయ్యాయి. అప్పుడే వాకిట్లో మోపెడ్ ఆగింది.

"స్నాన కార్యక్రమము జరుగుచున్నదా?" అన్నారు త్రినాథరావుగారు.

"జరుగుతందండి," అన్నాడు భానోజీరావు. ఈసారి చెయ్యి బొత్తాం దగ్గరికి పోలేదు. "గోడలు గోడలు కావని తమరే అన్నారు కదండి."

"ఆ విషయముపైననే వచ్చితిని. సదరు వివరణను అనుసరించి మీ స్నానస్థలము చుట్టూ గోడలు లేవు. గోడలు లేనిచోట స్నానము చేయుట పట్టణ పరిధిలో బహిరంగ స్నానము. నిషిద్ధము." ఆయన కలం తీశారు. "స్నానము చేయుచున్న వ్యక్తిని ప్రత్యక్షముగా చూచి నివేదిక వ్రాయవలెను."

ఇందుమతి చీపురు కోసం చూసింది. భానోజీరావు చెయ్యి అడ్డం పెట్టాడు. చాలాకాలం తర్వాత అతని ముఖంలో భయం లేదు. కుర్చీ తెచ్చి, స్నానాల గదికి ఎదురుగా వేశాడు.

"కూర్చోండి సార్. చూసి రాసుకోండి."

త్రినాథరావుగారు కూర్చున్నారు. ఎదురుగా చూశారు. తలుపు వేసి ఉంది, దాని చుట్టూ ఇటుకా సిమెంటూ ఉన్నాయి. మెడ సాచి చూశారు. నిజాయితీ గల మనిషి గనక 'వ్యక్తి కనిపించుట లేదు' అని రాశారు. దాని పక్కన 'కారణము' అని ఉంది. కలం అక్కడ పెట్టారు.

కలం కదల్లేదు.

"ఏటి సార్ ఆగిపోనారు?" అన్నాడు భానోజీరావు వినయంగానే. "ఎందుకు కనబళ్ళేదో రాసెయ్యండి."

త్రినాథరావుగారు స్నానాల గదికేసి చూశారు, కాగితంకేసి చూశారు. రాయడానికి ఒక్క మాటే ఉంది. సమస్త మునిసిపల్ వ్యవహారాల నిమిత్తమూ ఆ మాట అక్కడ వాడటానికి వీల్లేదు. ఇందుమతి కాఫీ తెచ్చి చేతికిస్తే, సర్వీసులో మొట్టమొదటిసారి, ఏం చేస్తున్నారో తెలీకుండానే పుచ్చుకుని తాగారు.

లోపల సూరమ్మకి ఇవేవీ పట్టలేదు. చెంబు తర్వాత చెంబు దిగుతోంది.

"ఇందూ," అని కేకేసింది హాయిగా. "నలుగుపిండి మర్చిపోనావే. అందియ్యి. ఇంకో బకెట్టు నీళ్ళు కూడా పొయ్యి మీద పడెయ్యి, నానిప్పుడప్పుడే రాను."